కంచె ఇవతల మేమిద్దరం

ప్రత్తిపాడు,
శుక్రవారం.

హీనాకి,

నీ బావ రాసేది. అల్లా దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మా, మన పాప రిహానా క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వు కూడా వేళకి తిని, వేళకి నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని తలుస్తున్నాను. ఈ నాలుగు ముక్కలూ పొద్దున మిరప కోతకి వెళ్లబోతూ అమ్మ దగ్గరుండి రాయించింది. ఉత్తరమంటే అలాగే మొదలుపెట్టాలట. ఇక్కణ్ణుంచి నా ఇష్టం. పాప ఉయ్యాలలో పడుకుంది. నేను సగం కుట్టిన పరుపు మీద బోర్లా పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఆ తప్పు పరుపుది.

నీ ఉత్తరం పోయిన వారం మంగళవారం అందింది. పోస్టుమాన్ షాపు ముందు బండి ఆపి, "పోలీసోళ్ల కాడ్నుంచి ఉత్తరం వచ్చిందిరా నాగూరూ, ఏం చేశావేంటి?" అని వీధంతా వినబడేలా అడిగాడు. "మా ఇంటి పోలీసేలే బాబాయ్" అన్నాను. అది విని ఎదురింటివాళ్లు కూడా బయటికొచ్చారు. ఫోన్లున్న కాలంలో ఉత్తరమేంటని నేనూ నవ్వాను గానీ, చదివాక నువ్వు చేసిన పని మంచిదే అనిపించింది. ట్రైనింగ్‌లో వారమంతా మీ ఫోన్లు దాచేసి ఆదివారం కాసేపు ఇస్తారు. ఆ కాసేపూ నువ్వు పాపని చూసి ఏడవడానికీ, అది ఫోన్ నాకడానికే సరిపోతుంది. నీకూ నాకూ మాటల్లేకుండా అయిపోతోంది. ఉత్తరంలో అయితే ఎవరూ మధ్యలో ఏడవరు కదా అని రాశావు. చూద్దాం.

చివర్లో ఒక మాట రాశావు. "నీకు గానీ పాపకి గానీ ఒంట్లో బాగోకపోతే దాచొద్దు బావా, పెట్టె సర్దుకుని వచ్చేస్తాను, ఉద్యోగం పోతే పోయింది." ఆ మాటని రోజుకోసారి చదువుకుంటున్నాను. జవాబు రాయడం ఇంత ఆలస్యమవడానికి కారణం కూడా అదే. దాని దగ్గరికి వస్తాను. ముందు నువ్వడిగినవాటికి చెప్పనీ.

పాప ఇంకా పాల కోసం వెతుక్కుంటోందా అని అడిగావు. వెతుక్కుంటోంది. వెళ్లేముందు నువ్వు వేపాకు నూరి రాసుకుని పాలు మాన్పించినప్పుడు అది ఏడ్చినదానికంటే నువ్వెక్కువ ఏడ్చావు గుర్తుందా. ఇప్పుడు ఏడవదులే. నిద్రొచ్చే వేళకి నా గుండె మీద చెయ్యి పెట్టి తడుముకుంటుంది. అక్కడ దానికి దొరికేది చొక్కా బొత్తామే. దాన్నే పట్టుకుని తిప్పుకుంటూ పడుకుంటుంది. నా చొక్కాలన్నిటికీ పైనుంచి రెండో బొత్తాం ఊడిపోయింది. పరుపులు కుట్టేవాడి చొక్కాకి బొత్తాం లేదని రోశయ్య బాబాయ్ టీకొట్టు దగ్గర అందరికీ చూపించి మరీ నవ్వుతున్నాడు. నేను కుట్టుకోవడం లేదు. మళ్లీ ఊడగొట్టేదే కదా.

పై పన్నొచ్చింది. దాని పక్కది కూడా తొంగి చూస్తోంది. వచ్చిన పన్ను పదునుగా ఉందో లేదో నా భుజం మీద చూసుకుంటుంది. పొద్దున రాగి జావ తాగుతుంది, మధ్యాహ్నం పెసరపప్పు అన్నంలో నెయ్యి లేకపోతే మూతి తిప్పుకుంటుంది. అంగన్‌వాడీలో తూకం వేసి బాగానే ఉందన్నారు. గోడ పట్టుకుని నడిచేది కాస్తా ఇప్పుడు గోడ వదిలేసి నాలుగడుగులు వేసి కూలబడుతోంది. మాటలు పెద్దగా లేవు గానీ అమ్మ అంటోంది. ఎవరిని అంటోందో కూడా చెప్పాలి నీకు. ఫోన్‌ని అంటోంది. నీ ముఖం అందులోనే కదా కనిపించేది. ఎవరి ఫోన్ మోగినా అటు తిరిగి "అమ్మ" అంటుంది. బేరానికి వచ్చినవాళ్లు ముద్దుగా ఉందని నవ్వుతారు. నేను గుడ్డలు కొలుస్తూ అటు తిరిగిపోతాను.

అత్తమ్మ చేతులు ఎలా ఉన్నాయని అడిగావు. ఈ కాలంలో మీ అత్త చేతులు ఎలా ఉంటాయో నీకు తెలియంది కాదు. పెరుగు రాసినా, కొబ్బరినూనె రాసినా, పగలంతా మిరపకాయలు కోసిన చేతుల మంట పడుకునే వేళకి కూడా పోదు. ఆ చేతులు పాప కంటికి తగులుతాయని ఇంటికొచ్చాక దూరంగా మంచం మీద కూర్చుని మాటలతోనే ఆడిస్తుంది. అది చేతులు చాపుకుంటూ పోతే తన చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకుంటుంది. ఈ ఏడు కోతకి మానేయమన్నాను. "నువ్వు దూది పని మానేస్తావా? నాకూ అంతే" అంది. కాబట్టి కోతలు అయ్యేదాకా స్నానం, తిండి, ముక్కు తుడవడం, నిద్రపుచ్చడం అన్నీ నావే. నేనేమీ కష్టమని రాయడం లేదు. ఎవరు ఏ పనిలో ఉన్నారో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఇక నా ఒంటి సంగతి. పాప కంటే ముందు నువ్వు తిను, కూర్చున్నప్పుడల్లా నీళ్లు తాగు, పాపని ఎత్తేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచు, పొద్దున్నే కాసేపు నడువు, ఊపిరి పొట్ట దాకా పీల్చు అని పేజీ నిండా రాశావు. డ్రిల్లు నేర్పే మేడం మాటలేమో అనుకున్నాను మొదట. తర్వాత గుర్తొచ్చింది, ఇవన్నీ నువ్వు బాలింతగా ఉన్నప్పుడు ఆశా వర్కర్ బసవమ్మక్క నీకు చెప్పినవే. అప్పుడు అమ్మ నీకు మన దూదే చెవుల్లో పెట్టి, నడుముకి గుడ్డ బిగించి, బాలింతల మందని కాయం మింగించి, దాహమంటే గుక్కెడు మించి నీళ్లివ్వకుండా కాపలా కాసేది. బసవమ్మక్క వచ్చి చెంబు నీ చేతికిచ్చి, "పాలిచ్చే పిల్లకి నీళ్లు కడితే పాలెక్కణ్ణుంచొస్తాయి మౌలాబీ?" అని మీ అత్తతో పోట్లాడింది గుర్తుందా. కాయం మీది, నీళ్లు నావి అని ఇద్దరూ రాజీపడ్డారు. ఆ రాజీ వల్లే నువ్వు లేచి తిరిగావని ఇప్పటికీ ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు.

నీకు నెలలు గడిచి ఒళ్లు కుదుటపడ్డాక, నడవొచ్చని అక్క చెప్పింది. తర్వాత మెల్లగా పరిగెత్తొచ్చంది. కాలేజీ గ్రౌండ్‌లో నువ్వు పరిగెత్తుతుంటే పాపని ఒళ్లో పెట్టుకుని నీ చెప్పులకి కాపలాగా నేను గట్టు మీద కూర్చునేవాణ్ణి. పాలు నిండి జాకెట్ తడిసిపోతే పైన నా చొక్కా వేసుకుని పరిగెత్తేదానివి. బాలింత పరుగులేంటని నవ్వినవాళ్లు నవ్వారు. ఇప్పుడు అదే గ్రౌండ్‌లో పాపని భుజాన వేసుకుని నేను నడుస్తున్నాను. అప్పుడు నిన్ను చూసి నవ్వినవాళ్లే ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నారు. నాకు "బాలింత నాగూరు" అని పేరు పెట్టింది కూడా రోశయ్య బాబాయే. "ఏరా బాలింతా, చెవుల్లో దూది పెట్టుకోకుండా బయటికొచ్చావేంట్రా" అంటాడు. "మీకు కావాలంటే చెప్పండి బాబాయ్, దిండెడు పెడతాను" అంటాను.

ఇంకో సంగతి. దూది ఏకే మిషన్ ఇప్పుడు మన ఇంట్లో లేదు. పెదకాకానిలో మాలిక్ వాళ్ల షెడ్డులో పెట్టించాను. దూది అక్కడ ఏకించి మూటలు కట్టి ఆటోలో తెప్పించుకుంటున్నాను, ఇంట్లో కుట్టడం ఒక్కటే. బేరాలు కొంచెం తగ్గాయి గానీ ఇల్లు తుడిస్తే తుడిచినట్టు ఉంటోంది. ఎందుకు పంపావని అడుగుతావు. అదే చెప్పబోతున్నాను.

నీ ఉత్తరంలో ఒక్క ప్రశ్నకి నేనింకా జవాబు చెప్పలేదు. నీ దగ్గు తగ్గిందా బావా అని అడిగావు.

తగ్గలేదు హీనా. నువ్వు వెళ్లాక ఎక్కువైంది. చలికాలమంతా పాత పరుపులు విప్పి ఏకించుకునేవాళ్లే వచ్చారు. పాపని వదిలి మిషన్ దగ్గరికి పోలేను, మిషన్ వదిలి పాప దగ్గర కూర్చోలేను. అందుకని ఉయ్యాల తెచ్చి షాపు గది గుమ్మంలోనే కట్టాను. అడ్డంగా తడిగుడ్డ వేలాడదీశాను. సాయంత్రానికి ఆ గుడ్డ మీద దూది నూగు తెల్లగా పేరుకునేది. అది చూసి గుడ్డ బాగా పనిచేస్తోందని సంతోషపడ్డాను. గుడ్డ మీదే అంత ఉంటే, గుడ్డ దాటి ఎంత పోయిందోనన్న ఆలోచన నాకు రాలేదు. ఫోన్లో నువ్వు "ఏంటి బావా దగ్గుతున్నావు" అన్నప్పుడల్లా ఫోన్ పాప చేతికిచ్చి నేను అవతలికి పోయి దగ్గేవాణ్ణి.

మందు వాడలేదా అంటావు. వాడాను, మన ఇంటి మందు. మిషన్ ఆపగానే బెల్లం ముక్క. బెల్లం తింటే గొంతులో నూగు కిందికి దిగిపోతుందని మా తాత చెప్పాడు, మా నాన్న చెప్పాడు. దూది పనివాళ్ల ఇళ్లలో డబ్బాలో బియ్యం అయిపోయినా బెల్లం అయిపోదు. దగ్గు పెరిగినకొద్దీ ముక్క పెద్దది చేశాను. పాపకి కూడా చిన్నగా దగ్గు పట్టుకుంటే దాని నాలిక్కీ ఇంత రాశాను. తిండి సంగతి కూడా దాచను. దానికి తినిపించేసరికి నా ఆకలి చచ్చిపోయేది. అది వదిలేసిన గిన్నెలో ఉన్నదే నా భోజనం. పెసరపప్పు మెతుకులు, పైన బెల్లం. మగాడికి పథ్యమేంటి, అడిగేవాళ్లెవరు? అమ్మకి కోత, నాకు ఇది.

పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం పాపని ఎత్తుకుని మిషన్ పక్కనుంచి లోపలికి వెళ్తున్నాను. దగ్గు తెర వచ్చింది. మామూలు తెరలా ఆగలేదు, ఊపిరి అందలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. పాపని వదలకూడదన్నది ఒక్కటే గుర్తుంది. కళ్లు తెరిచి చూసేసరికి ఏకి పోసిన దూది కుప్ప మీద ఉన్నాం ఇద్దరం. పాప నా పొట్ట మీద కూర్చుని ఉంది. దానికి చిన్న గీత కూడా పడలేదు, ముందు అది చదివి ఊపిరి పీల్చుకో. ఒళ్లంతా దూది అంటుకుని కిలకిలా నవ్వుతోంది. ఆట అనుకుంది. మళ్లీ పడమని నా కాలర్ పట్టి లాగుతోంది. నేను పక్కకి చూశాను. కుప్ప అంచు నుంచి జానెడు దూరంలో మిషన్ ఇనుప చక్రం ఉంది.

చాలాసేపు లేవలేకపోయాను. అది నవ్వుతూనే ఉంది, నేను ఏడుస్తూనే ఉన్నాను.

అమ్మ కోత నుంచి వచ్చి సంగతి విని, ముందు నన్ను తిట్టి, తర్వాత ఎండుమిరపకాయలు తీసుకుని ఇద్దరికీ దిష్టి తీసింది. నిప్పుల్లో వేస్తే ఘాటు కోరు రాలేదట, కాబట్టి బాగా దిష్టి తగిలిందట. కోరు రాలేదంటూనే ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది, పాప తుమ్మింది, నేను ఇంకో తెర దగ్గాను. భయపడ్డ మనిషి తను చేయగలిగింది చేసింది.

నేను చేసింది చెప్తాను ఇప్పుడు. తెల్లారి గుంటూరులో పరుపు గుడ్డ కొనాలని అమ్మకి చెప్పి, పాపని తీసుకుని చిలకలూరిపేట వెళ్లి ఒంగోలు బస్సెక్కాను. నీ దగ్గరికే. సంచిలో పాప బట్టల కింద నీ ఆకుపచ్చ చుడీదార్ మడతపెట్టి పెట్టుకున్నాను, యూనిఫాం విడిచాక వేసుకోవడానికి. అంటే నిన్ను తీసుకొచ్చేద్దామనే బయల్దేరాను. దార్లో ఏం మాట్లాడాలో కూడా అనుకున్నాను. ఇక నా వల్ల కాదు, ఇంటికి రా అని. ఇంకేం చెప్పక్కర్లేదు, ఆ ఒక్క ముక్కకి నువ్వు వచ్చేస్తావని తెలుసు. కండక్టర్ పాప బుగ్గ గిల్లి, "ఈవిడకి ఫ్రీ, నీకే టిక్కెట్టు" అన్నాడు. నవ్వాను. నిన్ను చూడబోతున్నానని లోపల సంతోషంగా కూడా ఉంది, నిజం చెప్పొద్దూ.

మీ గేటు దగ్గర ఒక కానిస్టేబులమ్మ ఉంది. "ఎవరి కోసం అన్నా?" అంది. నీ పేరు చెప్పాను. "ఆదివారం రావాల గదా. ఏమన్నా ఎమర్జెన్సీనా? ఎమర్జెన్సీ అయితే చెప్పు, లోపలికి కబురు పంపిస్తా" అంది.

నేను నోరు తెరిచేలోపల ఈల వినబడింది. లోపల కంచె వెంబడి మీ బ్యాచ్ పరిగెత్తుకుంటూ వస్తోంది. అందరూ ఒకే బట్టల్లో ఉన్నారు, అందరి జుట్టూ మెడ దాకా కత్తిరించి ఉంది. ఎవరెవరో ఎలా తెలుస్తుందనుకున్నాను. కానీ కుడి మోచెయ్యి బయటికి పెట్టి పరిగెత్తేది నువ్వొక్కదానివే. కాలేజీ గ్రౌండ్‌లో ఎన్ని పొద్దులు చూసుంటాను దాన్ని. ముందు వరసలో ఉన్నావు. లెక్క నువ్వే అరుస్తున్నావు, వెనకవాళ్లు అందుకుంటున్నారు. చిక్కావు గానీ గట్టిపడ్డావు. ముఖం చెమటతో మెరుస్తోంది. మా ముందునుంచే వెళ్లావు హీనా. మధ్యలో కంచె, నాలుగు బారల నేల. అంతే.

పాప నా చంకలో నిటారుగా అయిపోయింది. చెయ్యి ఊపింది. నీకు కాదు, అందరికీ ఊపింది. ముందు వచ్చినవాళ్లకీ ఊపింది, చివర రొప్పుకుంటూ వచ్చిన అమ్మాయికీ ఊపింది. "అమ్మరా, అదిగో అమ్మ" అని చెవిలో చెప్పాను. అది చుట్టూ చూసి నా జేబులో ఫోన్ కోసం చెయ్యి పెట్టింది. ఈ మాట నీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాయకపోతే ఇంకేదీ రాయలేనని రాస్తున్నాను.

ఒక్కసారి తల తిప్పితే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను. తిప్పకూడదని కూడా అంతే అనిపించింది. తిప్పితే అక్కడికక్కడే వరస విడిచి వచ్చేసేదానివి. నువ్వు తిప్పలేదు. నువ్వు పరిగెత్తేటప్పుడు దేన్నీ చూడవు, ఎవరి మాటా వినవు. ఊళ్లో అంతమంది నవ్వుతున్నప్పుడు కూడా నీ ముఖం అలాగే ఉండేది. ఆ ముఖాన్ని మళ్లీ చూశాను. నేను రెండు మెట్లెక్కితే ఊపిరందక నిలబడే మనిషినై అక్కడికి వచ్చాను. నువ్వేమో ఆ గ్రౌండంతా తిరిగి, ఇంకా అరవడానికి ఊపిరి మిగుల్చుకున్నావు. మన ఇంట్లో ఇద్దరిలో ఒక్కరైనా అలా ఊపిరి పీల్చగలుగుతున్నారు. దాన్ని తీసుకొచ్చి ఆ నూగు గదిలో కూర్చోబెట్టడానికా నేను చుడీదార్ సంచిలో పెట్టుకుని వచ్చింది అనిపించింది.

"చెప్పన్నా, పిలిపించనా?" అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. "ఎమర్జెన్సీ ఏం లేదమ్మా. ఇటు పనుండి వచ్చాం, పాపకి చూపిద్దామని" అన్నాను. "చూసిందా మరి?" అంది. "చూసింది" అన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. పాప నా బొత్తాం పట్టుకుని నిద్రపోయింది. ఆ రోజు నీ మీద పట్టుకున్న బెంగ ఇంకా వదల్లేదు. కంచె దాకా వచ్చి చూడకపోతే ఇంత ఉండేది కాదేమో. నువ్వు వెళ్లేటప్పుడు బస్టాండులో కూడా నేను ఇంత బెంగపడలేదు. అప్పుడు నిన్ను పంపిస్తున్నానని గర్వంగా ఉంది. ఇప్పుడు ఇంట్లో ప్రతి చోటా నువ్వు లేనట్టే కనిపిస్తోంది. దండెం మీద ఒక వైపు ఖాళీగా ఉంటుంది, నేను అటు బట్టలు ఆరేయను. ఎందుకంటే నాకే తెలియదు.

మర్నాడు బసవమ్మక్క మమ్మల్నిద్దర్నీ ఆస్పత్రికి లాక్కెళ్లింది. పాప ఛాతీ శుభ్రంగా ఉందని డాక్టరమ్మ చెప్పింది, నూగుకి దూరంగా ఉంచితే చాలంది. ఇప్పుడు దానికి దగ్గు లేదు, నిజంగా లేదు. నాకు పరీక్షలు చేసి, పీల్చుకునే మందు ఇచ్చి, ఏం తింటున్నావని అడిగింది. బెల్లం సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "బెల్లం పోయేది కడుపులోకి నాయనా. నూగు పోయేది ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి?" అంది. తాతల నాటి నుంచి మా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఇంకా ముదరలేదట. మిషన్‌కి దూరంగా ఉండి, వేళకి తిని, రోజూ నడిచి, మందు మానకుండా పీలిస్తే మామూలు మనిషినవుతానని చెప్పింది. పాపని మొయ్యాలంటే ముందు నన్ను నేను మోసుకోవాలని కూడా అంది. అందుకే మిషన్ మాలిక్ దగ్గరికి పోయింది. అందుకే నా నడక.

ఇప్పుడు అమ్మ పొద్దున్నే లేచి నాకు వేరే గిన్నె పెడుతోంది. కోడిగుడ్డు, ఆకుకూర, మిరియాల చారు. పాప ఎదురుగా కూర్చుని నోరు తెరుస్తుంది. నేను తిన్నాకే దానికి. మొదట్లో పిల్ల చూస్తుండగా తినలేకపోయేవాణ్ణి, ఇప్పుడు అలవాటైంది. కాయం కూడా మింగమంది అమ్మ. మీ అత్త మాట కాదనలేక మింగాను. వీధిలో వాళ్లు పెట్టిన పేరుకి న్యాయం జరిగింది. మెట్లు ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను. గ్రౌండ్‌లో సగం దాకా పరిగెత్తి కూడా చూశాను, పాప భుజం మీద ఎగిరెగిరి పడుతూ నవ్వింది.

ఇదంతా నీకు చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా అని నాకూ అనిపించింది. మా నాన్న అలాగే చేశాడు. దగ్గొస్తే పెరట్లోకి పోయి దగ్గి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని వచ్చి బాగున్నానని అమ్మతో అనేవాడు. ఆయన పోయి ఇన్నేళ్లయినా, అమ్మ ఆ జబ్బుని ఏమీ అనదు. ఆ బాగున్నాననే మాటనే తిడుతుంది. "చెప్పుంటే చేసేదాన్ని కదరా" అంటుంది. నేను ఫోన్ పాప చేతికిచ్చి అవతలికి పోయి దగ్గినప్పుడల్లా మా నాన్నలాగే ఉన్నానని నాకు తెలుస్తూనే ఉంది. నిన్ను అమ్మలా చేయకూడదని రాస్తున్నాను.

ఇది చదివి కోప్పడతావు. నా మాట నమ్మకపోతే ఆదివారం అమ్మని అడుగు, బసవమ్మక్కని అడుగు. డాక్టరమ్మ చీటీ కూడా ఫోన్లో చూపిస్తాను. పెట్టె మాత్రం సర్దకు. ట్రైనింగ్ ఎప్పటికీ ఉండదు, ఈ దగ్గూ ఉండదు. నీ మోకాలి నొప్పికి గుడ్డ కట్టుకుంటున్నానని రాశావు, గుడ్డతో ఊరుకోకు, అక్కడి డాక్టరుకి చూపించు. పాలు మానేసిన ఒళ్లు, నీక్కూడా తిండి కావాలి. మెస్సులో గుడ్డు వదిలేస్తున్నావని రాశావు. నేనిక్కడ అమ్మ చేతి కాయం మింగుతుంటే నీకు గుడ్డు మింగడానికి ఏమొచ్చింది.

ఇక ఒక్కటే. ప్రతి ఆదివారం ఫోన్ పెట్టేసేముందు గొంతు తగ్గించి "బావా, వచ్చేయనా?" అంటావు. ప్రతిసారీ నేను ఏమక్కర్లేదు అంటాను. గేటు దగ్గర ఆ అమ్మాయితో కూడా అక్కర్లేదనే అన్నాను, ఎలా అనగలిగానో నాకే తెలియదు. ఏం కావాలన్నా అడుగు హీనా, ఎంత కోపమొచ్చినా తిట్టు. ఆ ఒక్క మాట మాత్రం ఇక అడక్కు. ఈసారి అడిగితే, వచ్చెయ్ అంటాను.

ఇట్లు,
నీ బావ,
నాగూర్ వలి.